మురుగుకాల్వల మహాచరిత్రకు సరైన కేబుల్

"వచ్చే ఆదివారం నుంచి ఈ పట్టణానికి చరిత్ర ఉంటుంది!"

మామగారు హాలు మధ్యలో నిలబడి ఈ ప్రకటన చేసేసరికి, టీపాయ్ మీద రెపరెపలాడుతున్న దినపత్రిక కూడా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టయింది. అంతవరకు ఆ పట్టణానికి వీధులున్నాయి, దోమలున్నాయి, రెండు సినిమా హాళ్లున్నాయి. చరిత్ర ఒక్కటే లేదు. ఆ లోటు తీర్చడానికే ఆయన ఉద్యోగ విరమణ చేసిన మర్నాటి నుంచి ముందుగదిలో తలుపు వేసుకుని పుస్తకం రాస్తున్నారు. దాని పేరు 'పట్టణ మురుగుకాల్వల మహాచరిత్ర'. పదకొండు వందల పేజీలు.

మామగారు పనిచేసినంతకాలం పురపాలక సంఘంలో కాల్వల ఇంజినీరు. ఆయన తవ్వించిన కాల్వల్లో నీళ్లు ఎటూ కదలవన్న మాట నిజమే. కానీ వాటి గురించి ఆయన ఇచ్చే ఉపన్యాసాలు మాత్రం ఏ గట్టూ లేకుండా పారేవి. అటువంటి మనిషి పుస్తకం రాస్తున్నాడంటే ఇంటిల్లిపాదీ ఎంత జాగ్రత్తగా ఉండాలి! పొద్దున్నే ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవారు. కాసేపటికి లోపలి నుంచి టకటకమని చప్పుడు మొదలయ్యేది. అత్తగారు మూతి మీద వేలు పెట్టుకుని హాల్లో కాపలా కూర్చునేది.

"ష్... ఆయన రాస్తున్నారు!"

పాలవాడు గంట కొట్టడం మానేసి కిటికీ దగ్గర దగ్గడం నేర్చుకున్నాడు. కుక్కర్ రెండో కూత దాటకముందే అత్తగారు పరుగెత్తి దించేసేది. దాంతో ఆ ఇంట్లో అన్నం ఎప్పుడూ పలుకుగానే ఉండేది. లోపల సాహిత్యం మాత్రం మెత్తగా ఉడుకుతోందని అందరికీ నమ్మకం.

పట్టణ చరిత్ర సంఘం వారు ఆవిష్కరణ సభకు హాలు మాట్లాడేశారు. ఆహ్వానాలు కూడా పంచేశారు. పాత కంప్యూటర్ మూలుగుతోందని విని, పుస్తకం కోసమని ఒక కొత్త కంప్యూటర్ కూడా ఇంటికి పంపించారు. పాతదానిలోంచి పుస్తకాన్ని కొత్తదానిలోకి మార్చి ఉంచితే, ప్రెస్సు ఆయన వచ్చి తీసుకెళ్తాడు. రాత్రికి రాత్రే సభకు ఒక ప్రతి అచ్చు వేస్తాడు. ఇంతే మిగిలింది.

"ఆ మార్చే పని," అన్నారు మామగారు చూపుడు వేలు గాల్లో తిప్పుతూ, "మన చిన్నల్లుడు చూసుకుంటాడు. కంప్యూటర్లలో పండిపోయినవాడు!"

వేలు తన ముందు ఆగేసరికి చిన్నల్లుడికి కాఫీ గొంతుకు అడ్డం పడింది.

ఇక్కడ అతని ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. అతను కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తాడు. ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. పెద్ద అద్దాల మేడ, మెడలో బొమ్మ ఉన్న బిళ్ల, బిళ్ల చూపిస్తే తెరుచుకునే తలుపులు, అన్నీ ఉన్నాయి. అతను చూసేది మాత్రం కుర్చీల విభాగం. ఏ కుర్చీ చక్రం తిరగకపోయినా, ఏ కుర్చీ వీపు వాలిపోయినా, ఎక్కిన మనిషితో సహా ఏ కుర్చీ కిందికి దిగిపోతున్నా అతనికి కబురొస్తుంది. సంబంధం మాట్లాడుకున్న రోజు మామగారు, "కంపెనీలో నువ్వు చేసే పనేమిటి బాబూ?" అని అడిగారు. "ఇంజినీర్లందరికీ సపోర్ట్ ఇస్తుంటానండీ," అన్నాడు. నడుముకని చెప్పలేదు. వాళ్లూ ఎక్కడికని అడగలేదు.

అప్పటి నుంచి అత్తవారింట్లో కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ అతని రాక కోసం పాడై కూర్చునేది. అతను దాన్ని చుట్టూ తిరిగి చూసి, "కంపెనీకి ఫోన్ చేయడం మంచిది," అనేవాడు. ఆహా, ఎంత పెద్ద చదువైతే అంత నిదానం, అనుకునేది అత్తగారు.

"దానికింత హడావుడి ఎందుకండీ మామయ్యగారూ," అన్నాడు చిన్నల్లుడు గొంతు సర్దుకుని. ఆఫీసులో అందరూ చేసే పని ఒకటి అతనికి గుర్తొచ్చింది. "పెన్ డ్రైవ్‌లో వేసి ఇటు నుంచి అటు మారిస్తే అయిపోతుంది."

"పెన్ డ్రైవా? బొటనవేలంత లేదు! కిందటిసారి అలాంటిదాన్ని మీ అత్తయ్య చొక్కాతో కలిపి ఉతికి, పిండి, దండెం మీద ఆరేసింది. నా జీవితకాలపు కృషిని సబ్బునీళ్లలో కలపమంటావా?"

"పోనీ మెయిల్‌లో..."

"మెయిలా! లోకమంతా తిరిగే దారిన నా పుస్తకాన్ని ఒంటరిగా పంపిస్తే మధ్యలో ఎవరైనా కొట్టేయరూ? వద్దు. డైరెక్టుగా జరగాలి. ఈ కంప్యూటర్‌కీ ఆ కంప్యూటర్‌కీ మధ్య ఒకే ఒక్క కేబుల్. మూడో మనిషి చేయి పడకూడదు."

కేబుల్ అనే మాట వినబడగానే సోఫాలో పెద్దల్లుడుగారు కదిలారు. ఆయన కాలేజీలో రసాయన శాస్త్రం చెప్తారు. మిగతా శాస్త్రాలన్నీ ఇంట్లో చెప్తారు.

"సూత్రప్రాయంగా చూస్తే, కేబుల్ లావు ముఖ్యం," అన్నారాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "పదకొండు వందల పేజీలు! సన్నపాటి తీగలోంచి తోస్తే అక్షరాలు ఇరుక్కుంటాయి తమ్ముడూ. ఒత్తులు ఊడిపోతాయి. దీర్ఘాలు సాగిపోతాయి."

"మా వారు ఎంత లోతుగా ఆలోచిస్తారో చూశారా," అంది వదిన.

"పొడుగ్గా ఉన్నది తేండి బాబూ," అంది అత్తగారు. "పని అయిపోయాక బట్టలు ఆరేసుకోవడానికైనా ఉంటుంది."

మామగారు చిన్నల్లుణ్ణి పక్కకు పిలిచి గొంతు తగ్గించారు. "వాళ్ల మాటలు పట్టించుకోకు. నేను పేపర్లో చదివాను. రెండు చివరలా పెన్ డ్రైవ్‌కున్నట్టే చపటా మూతి ఉండే కేబుల్ ఒకటి దొరుకుతుందట. ఇటొకటి అటొకటి గుచ్చేయడమే. అదే తీసుకురా. తెలిసిందా? చపటా మూతి." అని, మళ్లీ అందరికీ వినబడేలా గొంతు పెంచారు. "ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో అల్లుడూ! పుస్తకంలో ఒక్క పేజీ పోయినా, ఈ జన్మలో నీ మొహం చూడను!"

గదిలోకి వెళ్లాక చిన్నల్లుడు మంచం అంచున కూలబడ్డాడు.

"వెళ్లి నిజం చెప్పేస్తాను," అన్నాడు భార్యతో. "నాకు కుర్చీలు తప్ప ఏమీ తెలియదని ఒప్పేసుకుంటే గొడవ వదిలిపోతుంది."

భార్య మడతపెడుతున్న దుప్పటి వదిలేసింది. "ఇప్పుడా? అక్క ముందా? కుక్కర్ దగ్గర నుంచి కాలింగ్ బెల్ దాకా 'మీ ఆయన్ని అడుగు' అని అది నన్ను బతిమాలుతుంటే, ఇన్నాళ్లకు దాని పక్కన తలెత్తుకుని కూర్చుంటున్నాను. కుర్చీలని తెలిస్తే రేపటి నుంచి దాని ఎదురుగా నేను నేల మీద కూర్చోవాలి!"

"పుస్తకం పోతే?"

"ఎందుకు పోతుందండీ? మీ ఆఫీసులో అంతమంది ఉన్నారు కదా, ఎవరినైనా అడగండి. ఇంట్లో ఉండి మాత్రం అడక్కండి. గోడకి చెవులుంటే పర్వాలేదు, ఇక్కడ గుమ్మానికి మా అక్క ఉంటుంది."

అందుకని చిన్నల్లుడు మెడలో కంపెనీ బిళ్ల వేసుకుని బజారుకు వెళ్లాడు. ధైర్యం కోసం వేసుకున్నాడు. కానీ దాన్ని చూసి ప్రశ్నలు వేసే ధైర్యం వచ్చింది దుకాణదారుకి.

కేబుళ్ల దుకాణంలో గోడ నిండా నల్లవి, తెల్లవి, నీలంవి చుట్టలు చుట్టలుగా వేలాడుతున్నాయి. 

"కేబుల్ కావాలి," అన్నాడు చిన్నల్లుడు.

"ఏం కేబుల్ సార్?"

"మంచి కేబుల్."

"దేనికి సార్?"

"రెండు కంప్యూటర్లు కలపడానికి."

"మధ్యలో ఏమైనా ఉందా?"

"మధ్యలో మా మామగారు ఉన్నారు."

"అది కాదు సార్. మధ్యలో పెట్టె ఏదైనా పెడతారా, డైరెక్టుగా కలుపుతారా అని."

"డైరెక్టే."

"అయితే స్ట్రెయిటా, క్రాసా?"

చిన్నల్లుడు కాసేపు పైకప్పు వైపు చూశాడు. అక్కడ ఏమీ రాసిలేదు.

"మీరేమంటారు?" అన్నాడు.

దుకాణదారు బిళ్ల వైపు చూశాడు. "కంప్యూటర్ కంపెనీవాళ్లు, మీకు తెలియనిది నాకేం తెలుస్తుంది సార్?"

"నాకు తెలుసు. మీకు తెలుసో లేదో చూద్దామని అడిగాను."

"నాకూ తెలుసు సార్. మీరు చెప్తే సరిపోయిందో లేదో చూసుకుందామని ఆగాను."

ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకుంటూ నవ్వుకున్నారు. తర్వాత ఏం చేయాలో ఇద్దరికీ తోచలేదు. "ఒక్క ఫోన్ చేసుకొస్తాను," అని చిన్నల్లుడు దుకాణం పక్క సందులోకి వెళ్లి, ఆఫీసులో నెట్‌వర్క్ పని చూసే అమ్మాయికి ఫోన్ చేశాడు.

"హలో... నేను మూడో అంతస్తులో..."

"కుర్చీల సారా? గొంతు గుర్తుపట్టాను సార్! మీరు బాగుచేశాక నా కుర్చీ హాయిగా ఉంది. చెప్పండి."

సందులో ఎవరూ లేరని చూసుకుని, చిన్నల్లుడు సంగతంతా చెప్పాడు. ఆ అమ్మాయి ఓపికగా వివరించింది. కంప్యూటర్‌కి మాట్లాడే తీగలు వేరు, వినే తీగలు వేరు. స్ట్రెయిట్ కేబుల్‌తో డైరెక్టుగా కలిపితే దీని నోటికి దాని నోరు, దీని చెవికి దాని చెవి తగులుతాయి. రెండూ మాట్లాడతాయి. ఒక్కటీ వినదు.

"అది మా అత్తవారింట్లో కేబుల్ లేకుండానే జరుగుతోందమ్మా," అన్నాడు చిన్నల్లుడు.

"అందుకే సార్, క్రాస్ కేబుల్ తీసుకోండి. దీని నోరు దాని చెవికి కలిసేలా లోపల తీగలు అటూ ఇటూ మార్చి ఉంటాయి. ఈమధ్య వచ్చినవాటికి ఏది పెట్టినా అవే సర్దుకుంటాయి. కానీ మీ పాతది మరీ పాతదంటున్నారు కదా, ఎందుకైనా మంచిది, క్రాసే పెట్టండి. కలిపాక రెండింటికీ ఒకే వీధి, వేరు వేరు ఇంటి నంబర్లు ఇచ్చినట్టు నంబర్లివ్వాలి. ఎలాగో చెప్తాను, రాసుకోండి."

చిన్నల్లుడు అరచేతి మీద రాసుకున్నాడు. ఆఖర్న గుర్తొచ్చి అడిగాడు. "రెండు చివరలా చపటా మూతి ఉండేది ఏదో ఉందటమ్మా, మా మామగారు..."

"అయ్యో, దాని జోలికి పోకండి సార్! మామూలు చపటా కేబుల్ అలా గుచ్చితే, ఖర్మ కాలితే రెండు కంప్యూటర్లూ దెబ్బతింటాయి. ఎవరు చెప్పారు మీకు?"

"పెద్దవారు. పాపం, తెలియక చెప్పారు," అన్నాడు చిన్నల్లుడు జాలిగా.

తిరిగి దుకాణంలోకి నడిచి, "క్రాస్!" అన్నాడు.

"నేనూ అదే అనుకున్నాను సార్!" అన్నాడు దుకాణదారు.

శనివారం పొద్దున హాలంతా నిండిపోయింది. పెద్దల్లుడుగారు, వదిన, అత్తగారు, భార్య వరుసగా కూర్చున్నారు. చరిత్ర సంఘం అధ్యక్షులవారు స్వయంగా విచ్చేశారు. ప్రెస్సు ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మామగారు చిన్నల్లుణ్ణి ముందుగదిలోకి తీసుకెళ్లి తలుపు గడియ వేశారు.

"తెచ్చావా?" అన్నారు ఆత్రంగా.

చిన్నల్లుడు సంచిలోంచి తీశాడు. మామగారి మొహం వాడిపోయింది.

"ఇదేమిటి? మూతి చపటాగా లేదే!"

"దీన్ని క్రాస్ కేబుల్ అంటారు మామయ్యగారూ. ఒక్క అక్షరం కూడా పోదు. నాదీ పూచీ."

"ఒక్క అక్షరం కూడానా?" అన్నారు మామగారు నీరసంగా.

చిన్నల్లుడు బల్ల కింద దూరాడు. ఒక చివర పాతదానికి, ఒక చివర కొత్తదానికి గుచ్చాడు. రెండు వైపులా చిన్న ఆకుపచ్చ దీపాలు మినుకుమన్నాయి. అరచేయి చూసుకుంటూ నంబర్లు కొట్టాడు. కొత్త కంప్యూటర్ తెర మీద పాత కంప్యూటర్ పేరు ప్రత్యక్షమైంది! అందులో 'మహాచరిత్ర' అనే పేరుతో ఒక ఫైలు. జీవితంలో మొట్టమొదటిసారి అతను కంప్యూటర్‌తో ఒక పని చేయించాడు! మామగారు వద్దు వద్దన్నట్టు చేయి ఎత్తేలోపే ఫైలును ఇటు లాగేశాడు.

లాగాడో లేదో, వచ్చేసింది. కనురెప్ప వేసే వ్యవధి కూడా పట్టలేదు. పదకొండు వందల పేజీలు!

సంతోషంగా తెరిచాడు. మొదట పుస్తకం పేరు. దాని కింద, 'నా రచనకు ఏనాడూ అంతరాయం కలిగించని నా భార్యకు అంకితం'. దాని కింద 'మొదటి అధ్యాయం'. దాని కింద తెల్లగా, శుభ్రంగా, మామగారు తవ్వించిన ఏ కాల్వలోనూ కనిపించనంత శుభ్రంగా, ఏమీ లేదు.

చిన్నల్లుడు మళ్లీ బల్ల కింద దూరాడు. కేబుల్‌ని ఎత్తి అటూ ఇటూ తడిమి చూశాడు. పెద్దల్లుడుగారన్న మాటే నిజమై అక్షరాలన్నీ ఇందులోనే ఇరుక్కుపోయాయా? గబగబా పాతదానిలో చూశాడు. అక్కడా అంతే! పుస్తకం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది! అయిపోయింది. అత్తవారిల్లు అయిపోయింది. భార్య నేల మీద కూర్చోవడమే.

అతను మామగారి కుర్చీలో కూలబడ్డాడు. అది కీచుమని అరిచి ఒక పక్కకు ఒరిగింది. అతని మెదడు పనిచేయకపోయినా చేయి పనిచేసింది. చేయి దానంతట అదే సీటు కిందికి వెళ్లి, వేళ్లతో వెతికి, వదులైన మరను పట్టి బిగించి, పిడిని ఒక్క తట్టు తట్టింది. కుర్చీ కిక్కురుమనకుండా సరిగ్గా నిలబడింది.

మామగారు తలుపు వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు. "అయ్యో! పోయిందా! నా పదకొండు వందల..." అని మొదలుపెట్టబోయి, ఎందుకో ఆగి కుర్చీని చూశారు.

చిన్నల్లుడు మాత్రం తెరను చూస్తున్నాడు. ఫైలు పేరు పక్కనే దాన్ని చివరిసారి మార్చిన తేదీ ఉంది.

"మామయ్యగారూ," అన్నాడు మెల్లగా, "ఇది చివరిసారి మార్చింది మీరు రిటైరైన మర్నాడండీ."

మామగారు తలుపు గడియ పడిందో లేదో చూసుకున్నారు.

"ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. అంటే, పోవడానికి ఇందులో ఏమీ..."

పాత కంప్యూటర్ తెర మీద ఆ ఫైలు వెనక ఇంకొక బొమ్మ ఉంది. ఆకుపచ్చటి బల్ల, దాని మీద పరిచిన పేక ముక్కలు. ఒక మూల, ఇంతవరకు ఆడిన ఆటల సంఖ్య. అది ఎంత పెద్ద అంకె అంటే, పైకి చదవాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. ఇన్నేళ్ల టకటకలకు అర్థం అప్పుడు తెలిసింది.

"ఆ కుర్చీ," అన్నారు మామగారు, "ముగ్గురు వడ్రంగులు చూసి వదిలేసిన కుర్చీ. నువ్వు చూడకుండా బాగుచేశావు."

చిన్నల్లుడు పిడి మీది చేయి తీసేశాడు.

"సపోర్ట్ అంటే ఇదా?"

"...అదేనండీ."

ఇద్దరూ కేబుల్ వైపు చూశారు. దాని రెండు చివరలా ఆకుపచ్చ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆ ఇంట్లో తనకు అప్పగించిన పనిని సక్రమంగా చేసింది అదొక్కటే.

"నేనేం తెమ్మన్నాను, నువ్వేం తెచ్చావు!" అన్నారు మామగారు ఉన్నట్టుండి పళ్లు కొరుకుతూ. "చపటా మూతిది తెమ్మన్నానా లేదా?"

"అది పెడితే రెండూ కాలిపోతాయట కదండీ."

"ట ఏమిటి ట! పేపర్లో చదివాకే కదా తెమ్మన్నాను!"

"అంటే... ఆ నేరం నా మీద వేసి..."

"నీ మీద కాకపోతే ఎవరి మీద వేయను? పెద్దల్లుడు ఏ వస్తువూ ముట్టుకోడు, మాటలే!" మామగారు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. "రాద్దామనే కూర్చున్నాను బాబూ. మొదటి అధ్యాయం అని కొట్టాను. ఏం రాయాలి? ఫలానా కాల్వ తవ్వాం, నీళ్లు పారలేదు. రెండోది తవ్వాం, అదీ పారలేదు. ఎన్ని అధ్యాయాలు అలా రాస్తాం? కాస్త విసుగు పోవడానికని ఒక్క ఆట ఆడాను. బయట మీ అత్తయ్య 'ష్' అంది. ఆ 'ష్' విన్నాక తలుపు తీసి, రాయడం లేదే అని ఎలా చెప్పను?"

చిన్నల్లుడికి మామగారు అంత దగ్గరవారిగా ఎప్పుడూ కనిపించలేదు. తాను కూడా ఒక రోజు 'సపోర్ట్' అన్నాడు. అంతే. ఆ తర్వాత ఎవరూ అడగలేదు, తానూ చెప్పలేదు.

"అయిందా అల్లుడుగారూ?" బయట నుంచి అధ్యక్షులవారి గొంతు.

"అవుతోందండీ!" అన్నారు లోపల నుంచి ఇద్దరూ ఒకేసారి.

మామగారు అల్లుడి చేయి పట్టుకున్నారు. "నా పరువు నీ చేతిలో ఉంది. నీ పరువు నా చేతిలో ఉంది. ఇంతకంటే డైరెక్టు కనెక్షన్ ఇంకేం కావాలి? పోయిందని చెప్దాం. నీ చేతిలో పోయిందని..."

"నా చేతిలో అయితే ఒప్పుకోను. మీ అమ్మాయి నన్ను బతకనివ్వదు."

"మరి ఎవరి వల్ల పోయినట్టు?"

ఇద్దరి చూపులూ మళ్లీ కేబుల్ మీదికి వెళ్లాయి. దానికి నోరూ చెవీ రెండూ ఉన్నాయి గానీ, మనుషులతో మాట్లాడే అలవాటు లేదు. చిన్నల్లుడు వంగి దాన్ని ఊడబీకాడు. ఆకుపచ్చ దీపాలు ఆరిపోయాయి.

తలుపు తెరుచుకుంది. మామగారు రెండు చేతులూ గాలిలోకి ఎత్తారు. "పోయింది! సర్వం పోయింది! కేబుల్ మింగేసింది!"

హాలు గొల్లుమంది. 

"దేశంలో నాసిరకం సరుకు ఎక్కువైపోయింది," అన్నాడు చిన్నల్లుడు తల దించుకుని. "పేజీకి పేజీ లోపలికి వెళ్లింది, అటు వైపు బయటికి రాలేదు. నేను చురుగ్గా లాగబట్టి మొదటి పేజీ ఒక్కటి దక్కింది."

"సూత్రప్రాయంగా నేను ముందే చెప్పాను," అన్నారు పెద్దల్లుడుగారు. "సన్నది తేవద్దని."

అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఏముందండీ ఆ పేజీలో?"

"అంకితం. నీకే," అన్నారు మామగారు.

అత్తగారు ఈసారి నిజంగా ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, "పోనీలెండి, ప్రాప్తం లేదనుకుందాం. ఇకనైనా కుక్కర్‌ని నాలుగు కూతలు వేయనివ్వొచ్చు," అంది. భార్య గుమ్మం పక్క నుంచి మొగుడి వైపు గర్వంగా చూసింది. ఇంత ఘోరంలో కూడా మొదటి పేజీని బతికించిన మనిషి!

హాలు ఎలాగూ మాట్లాడేశారు కాబట్టి, ఆదివారం ఆవిష్కరణ సభను సంతాప సభగా మార్చారు. అనుకున్న దానికంటే రెట్టింపు జనం వచ్చారు. పుస్తకం ఉంటే కొనమంటారేమోనని భయపడేవాళ్లు కూడా నిశ్చింతగా వచ్చారు. మొదట అధ్యక్షులవారు కంటతడి పెట్టారు. ఆ తర్వాత ఒక విమర్శకుడు మైకు పట్టుకున్నాడు.

"ఈ మహాగ్రంథాన్ని రాతప్రతిలోనే చదివిన భాగ్యం నాది! ఏడో అధ్యాయంలో, బజారు వీధి మలుపు దగ్గర కాల్వ వంపు తిరిగే వర్ణన ఉంది చూశారూ... ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు!"

చప్పట్లు మోగాయి. ఇంకొకాయన లేచి, తనకు ఏడో అధ్యాయం కన్నా తొమ్మిదోదే గొప్పగా అనిపించిందన్నాడు. ఇద్దరికీ వాదన జరిగింది. వేదిక మీద మామగారు మొదట కంగారుపడ్డారు. కాసేపటికి తలూపడం మొదలుపెట్టారు. చివరికి, "తొమ్మిదిలో నేను కొంత తొందరపడ్డాననే చెప్పాలి," అని వినయంగా ఒప్పుకున్నారు. ఆయన పేరు ఒక కాల్వకు పెట్టాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. 

చిన్నల్లుడు వెనక వరుసలో కూర్చుని, ఎవరైనా తన వైపు వేలు చూపించి 'వీడే పోగొట్టాడు' అంటారేమోనని ఒళ్లంతా చెవులు చేసుకున్నాడు. ఎవరూ అనలేదు. అయితే సభ సగంలో ఉండగానే కొందరు వెనక్కి తిరిగి తిరిగి తన వైపే చూస్తున్నారని గమనించాడు. ఆ చూపుల్లో కోపం లేదు. ఏమిటో తెలియలేదు.

సభ ముగిసి మెట్లు దిగుతుంటే అధ్యక్షులవారు భుజం మీద చేయి వేసి, స్తంభం చాటుకు నడిపించారు.

"మీతో ఒక చిన్న పని ఉంది. మా ఇంట్లో కూడా రెండు కంప్యూటర్లు ఉన్నాయి. నా ఆత్మకథ పాతదానిలో ఉంది. ఎనిమిది వందల పేజీలు. వచ్చే నెలలో ఆవిష్కరణ అని నోరు జారాను. మీరొకసారి వచ్చి..."

చిన్నల్లుడి కళ్లు చెమర్చాయి. ఇంత జరిగినా తన మీద నమ్మకం! ఈసారైనా పని సవ్యంగా చేసి చూపించాలి.

"తప్పకుండా వస్తానండీ. ఇప్పుడు నాకు కిటుకు తెలిసింది. మంచి కేబుల్ తెచ్చి, జాగ్రత్తగా కలిపితే ఒక్క అక్షరం కూడా..."

"అబ్బెబ్బే!" అధ్యక్షులవారు కంగారుగా అటూ ఇటూ చూశారు. "మంచిది ఎందుకండీ, అనవసరమైన శ్రమ! మీ మామగారికి ఏది వాడారో అదే తెచ్చేయండి."

ఆయన వెళ్లాక స్తంభానికి ఇంకో వైపు నుంచి, సభకు ఫొటోలు తీసిన ఫొటోగ్రాఫర్ బయటికొచ్చాడు. ఎవరిదో పెళ్లి ఆల్బమ్ ఇవ్వాలట. ఆ పెళ్లికూతురు ఇప్పుడు బిడ్డను బడిలో దింపి వచ్చే దారిలో రోజూ అడుగుతోందట. ఫొటోలు పాత కంప్యూటర్‌లో ఉన్నాయట. అతను 'ఉన్నాయి' అన్న తీరు చూస్తే, చిన్నల్లుడికి ఇంకేమీ అడగాలనిపించలేదు. ఏడో అధ్యాయం చదివిన విమర్శకుడు ఊరికే నిలబడినట్టు పక్కన నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడు.

గేటు దగ్గర పెద్దల్లుడుగారు స్కూటర్ స్టార్ట్ చేసి, నడపకుండా కూర్చున్నారు. వెనక వదిన లేదు. ఆవిడను ఆటోలో ముందే పంపించేశారు.

"తమ్ముడూ," అన్నారు నేల చూపులు చూస్తూ, "సూత్రప్రాయంగా నా పరిశోధన గ్రంథం పూర్తయింది. మీ వదిన ఇంటి ముందు పలక మీద డాక్టర్ అని ఇప్పటికే చెక్కించేసింది. అధ్యక్షులవారి ఇంటికి తర్వాత వెళ్దువు గానీ, ముందు మా ఇంటికి రా. సొంత తోడల్లుణ్ణి."

"మరి సన్న కేబులే కదా అన్నయ్యగారూ, పర్వాలేదా?"

"ఎంత సన్నదైతే అంత మంచిది తమ్ముడూ," అన్నారు పెద్దల్లుడుగారు.

సోమవారం చిన్నల్లుడు కుర్చీల విభాగానికి వారం రోజులు సెలవు పెట్టాడు. కారణం అని ఉన్న చోట, ఉద్యోగంలో చేరాక మొదటిసారి ధైర్యంగా రాశాడు: 'కంప్యూటర్ పని మీద.'